స్పానిష్ మాట 'క్వెంత': బిల్లా, ఖాతానా, పూసా?

కాకినాడ_కాజా:
అందరికీ నమస్కారం. డెలె ఎ2 అనే స్పానిష్ భాషా పరీక్షకి చదువుతున్నాను. ఇవాళ్టి పాఠంలో ఒకే పేజీలో 'క్వెంత' అన్న మాట నాలుగు చోట్ల తగిలింది. మొదటిది హోటల్లో, 'లా క్వెంత, పోర్ ఫావోర్'. బిల్లు తెమ్మనడం, ఇది తెలిసిందే. రెండోది బ్యాంకులో, 'కియెరొ అబ్రీర్ ఉన క్వెంత'. ఖాతా తెరవాలంటోంది. మూడోది ఒక ముసలామె మెడలో 'కొయార్ దె క్వెంతస్'. బొమ్మ చూస్తే పూసల దండ. ఇక్కడిదాకా ఎలాగో లాక్కొచ్చాను. నాలుగోది 'నొ మె ది క్వెంత'. డిక్షనరీ తీస్తే 'నేను గమనించలేదు' అని ఉంది! బిల్లుకీ పూసకీ గమనించడానికీ ఏమిటండీ చుట్టరికం? ఇవన్నీ ఒకే మాటా, లేక వేర్వేరు మాటలు ఒకేలా పలుకుతున్నాయా? ఇంకా ఎన్ని అర్థాలు కాచుకుని ఉన్నాయో అని టెన్షన్‌గా ఉంది.

నల్గొండ_పోరడు:
ఇంకా శానా ఉన్నయి అక్కా. టెన్షన్ అంతా ఇప్పుడే ఖర్చు పెట్టకు.

వలెన్సియా_వాసి:
ఒకే మాటండీ. మూలం 'కొంతార్' అనే క్రియ, అంటే లెక్కపెట్టడం. అది లాటిన్ 'కొంపుతారె' నుంచి వచ్చింది. కంప్యూటర్ అన్న మాటకీ పుట్టిల్లు అదే. తిన్నదాని లెక్క బిల్లయింది, దాచిన డబ్బు లెక్క ఖాతా అయింది.

పూస సంగతే కాస్త చుట్టు తిరిగి వచ్చింది. కేథలిక్కులు జపమాల పట్టుకుని ప్రార్థన చేసేటప్పుడు ఎన్ని అయ్యాయో తప్పిపోకుండా ఒక్కో ప్రార్థనకీ ఒక్కో పూస జరుపుతారు. మనవాళ్లు జపం చేసినట్టే. లెక్కకి పనికొచ్చే వస్తువు కాబట్టి ఆ పూసకే 'క్వెంత' అని పేరు పడింది. తర్వాత మెడలో వేసుకునే మామూలు గాజుపూసకీ అదే పేరు. 1492 అక్టోబరు 12న కొలంబస్ గ్వానహాని దీవిలో దిగి, అక్కడివాళ్లలో కొందరికి ఎర్ర టోపీలు, 'క్వెంతస్ దె విద్రియొ' ఇచ్చానని దినచర్యలో రాసుకున్నాడు. ఇచ్చినవి గాజుపూసలు. (బిల్లు ఆ తర్వాత చాలా ఏళ్లపాటు వసూలు చేశారనుకోండి, అది వేరే కథ.) ఇప్పటికీ స్పెయిన్‌లో యోగా సామాన్లు అమ్మే చోట మన జపమాలలకి '108 క్వెంతస్' అని చీటీ కనిపిస్తుంది.

నాలుగోదాన్ని ఇలా పట్టుకోండి. 'దార్ క్వెంత' అంటే ఒకరికి వివరం చెప్పడం, నివేదించడం. దానికి 'సె' చేరి 'దార్సె క్వెంత' అయితే ఆ వివరం మనకి మనమే చెప్పుకున్నట్టు. అంటే గ్రహించడం, గమనించడం.

పద్దుల_పంతులు:
వాసి గారూ, చక్కగా విప్పారు. నాదొక సందేహం. నా ఉద్యోగమంతా చిట్టా ఆవర్జాలతోనే గడిచింది. ఇప్పుడు మా అమ్మాయి చిలీలో ఉంటోందని ఈ వయసులో స్పానిష్ మొదలుపెట్టాను. శాంటియాగోలో మా అమ్మాయి కరెంటు బిల్లుని 'క్వెంత దె లా లూస్' అంటుంది. నా పుస్తకంలో 'ఫక్తూర దె లా లూస్' అని ఉంది. ఏది ఒప్పు?

వలెన్సియా_వాసి:
రెండూ ఒప్పేనండి, ఊరిని బట్టి మారుతుంది. చిలీలో 'క్వెంత' అనే అంటారు. స్పెయిన్‌లో కరెంటుకీ నీళ్లకీ 'ఫక్తూర' లేదా 'రెసీబొ'. 'క్వెంత' మాటని మేం హోటల్ బల్ల దగ్గరే ఎక్కువగా వాడతాం. ఆ బిల్లుకి సరదాగా 'లా దొలొరోస' అనే పేరు కూడా ఉంది. అంటే 'నొప్పి పెట్టేది'.

మెహికో_మాధవి:
పంతులు గారూ, పుస్తకంలో నేర్చుకున్న 'ఫక్తూర' పట్టుకుని అర్జెంటీనా మాత్రం వెళ్లకండి. అక్కడ రొట్టెల కొట్లో 'ఫక్తూరస్' అంటే టీలోకి తినే తీపి బన్నులూ అవీ. డజను ఫక్తూరలు కావాలంటే సంతోషంగా కట్టిస్తారు!

కాజా, ఇంకో చిన్న మాట. 'క్వెంత'లో ఉన్నది మన 'త'. ఇంగ్లీషువాళ్లు 'ట' కొడతారు. తెలుగువాళ్లకి ఈ ఒక్క విషయంలో పని సగం అయిపోయినట్టే.

నల్గొండ_పోరడు:
నేను దీన్ని వేరే తీరుగ గుర్తు పెట్టుకున్న. 'క్వెంత' అంటే మన 'లెక్క', అంతే. చూడండి. బడిలో లెక్కలు చేస్తం, వాళ్లు 'అసేర్ క్వెంతస్' అంటరు. మనం ఒక విషయాన్ని లెక్కలోకి తీసుకుంటం, వాళ్లు 'తెనేర్ ఎన్ క్వెంత' అంటరు. మాటకు మాట అతికినట్టే ఉంది. ఆటలో తొండి చేస్తే 'అది లెక్కలోకి రాదు' అంటం, వాళ్లు 'ఎసొ నొ క్వెంత' అంటరు. లెక్క అప్పజెప్పుడు 'రెందీర్ క్వెంతస్'. పాత పగతోని 'నీ లెక్క తేలుస్త' అని మనోళ్లు అంటరు గదా, అక్కడ పేపర్లో ముఠాల హత్య గురించి రాస్తే 'అహూస్తె దె క్వెంతస్' అని హెడ్డింగ్ పెడతరు. ఇంకేం కావాలె?

అసలు మన 'లెక్క' తక్కువదా? మా దిక్కు 'పిచ్చోని లెక్క చేస్తున్నవేందిరా' అంటం. అంటే పిచ్చోడిలాగ అని. స్పానిషోడు తెలుగు నేర్చుకుంటే వాడు కూడా ఇట్లనే ఒక చర్చ పెట్టుకుంటడు.

బ్యాక్‌బెంచ్_భారతి:
పోరడూ, నీ సూత్రం బాగుంది గానీ సగం దూరమే వస్తుంది. బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి మనం 'లెక్క' వదిలేసి 'ఖాతా' అంటాం. పూస దగ్గర అసలే పనికిరాదు. అవి కనీసం వేరని తెలుస్తాయి, కాబట్టి ప్రమాదం లేదు. ప్రమాదమంతా అతికినట్టు కనిపించి అతకని చోట.

'మాస్ దె లా క్వెంత' తీసుకో. నీ లెక్కన అది 'లెక్కకు మించి' అవ్వాలి. తెలుగులో 'లెక్కకు మించి జనం వచ్చారు' అంటే లెక్కపెట్టలేనంత మంది. స్పానిష్‌లో 'కొమి మాస్ దె లా క్వెంత' అంటే తినాల్సిన దానికంటే ఎక్కువ తిన్నాను, మోతాదు దాటింది అని. రెండిడ్లీలు ఎక్కువైనా చాలు, 'మాస్ దె లా క్వెంత' అయిపోతుంది.

అలాగే స్పెయిన్‌లో 'లా క్వెంత దె లా వియేహ' అని ఒక మాట ఉంది. 'ముసలమ్మ లెక్క' అని. అంటే వేళ్లు ముడుచుకుంటూ చేసే నాటు లెక్క. మన 'వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు' అదేగా అని నువ్వు అంటావు. కాదు. మనం అలా అంటే చాలా కొద్ది ఉన్నాయని. వాళ్లది లెక్క చేసే పద్ధతి గురించి.

నల్గొండ_పోరడు:
సగం దూరం వస్తే మిగిలిన సగం నడుస్తం తీయి అక్కా. ఏం లేనిదానికన్న నయమే గదా.

మెహికో_మాధవి:
ఇద్దరి మాటా కాదనను. నేను ఇక్కడ మెక్సికో పిల్లలతో, ఆన్‌లైన్‌లో తెలుగు పిల్లలతో, ఇద్దరితోనూ తంటాలు పడుతుంటాను. నాకు తెలిసిందల్లా ఒకటే. 'క్వెంత'ని ఒంటరిగా బట్టీ పట్టకూడదు. పక్కనున్న క్రియతో కలిపి ఒకే ముద్దగా నోటికి ఎక్కించాలి. అర్థం నిర్ణయించేది ఆ క్రియే. 'పెదీర్' (అడగడం) పక్కనుంటే బిల్లు. 'అబ్రీర్' (తెరవడం) ఉంటే ఖాతా, అది బ్యాంకుదైనా ఈమెయిల్‌దైనా. 'పెర్దేర్ లా క్వెంత' అయితే లెక్క తప్పిపోయింది.

ఎక్కువ అవసరం వచ్చేదీ, ఎక్కువగా దెబ్బ తినేదీ 'దార్సె క్వెంత'. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకున్నవాళ్లు 'రియలైజ్ అయ్యాను' అనడానికి 'రెఅలిసార్' అనేస్తారు. ఆ మాటకి ఒక పనిని జరపడం, పూర్తి చేయడం అని అర్థం. 'రెఅలిసె కె ఎరా తార్దె' అంటే ఎదుటివాడికి ఏమీ అర్థం కాదు. 'మె ది క్వెంత దె కె ఎరా తార్దె', ఆలస్యమైందని గ్రహించాను. ఇక్కడ 'దె' ముఖ్యం. మాట్లాడేటప్పుడు చాలామంది అక్కడి జనమే 'మె ది క్వెంత కె' అని మింగేస్తారు, రాతలో మాత్రం ఉండాలి. కొందరు ఇంకో అడుగు వేసి 'మె ది దె క్వెంత' అని 'దె'ని తీసుకెళ్లి ముందు పెడతారు. వీధిలో వినిపిస్తుంది, నేర్చుకోకండి. పరీక్షలో మార్కు పోతుంది.

ఇంకోటి. పోరడు చెప్పిన 'తెనేర్ ఎన్ క్వెంత' అన్ని చోట్లా చెల్లుతుంది. ఇక్కడ మెక్సికోలో 'తొమార్ ఎన్ క్వెంత' కూడా బాగా వింటాను.

కాకినాడ_కాజా:
మాధవి గారూ, చాలా థాంక్సండీ. మరి 'కయేర్ ఎన్ లా క్వెంత' అని కూడా చూశాను. అదీ గ్రహించడమేగా? రెండూ ఒకటేనా?

మెహికో_మాధవి:
దగ్గరివే, తేడా మాత్రం ఉంది. నువ్వు బస్సులో కూర్చున్నావు, పక్కామె చీర రంగు మారినట్టుంది అనిపించింది. ఎండ పడింది, అంతే. అలా కంటికో చెవికో తగిలి తెలిసింది 'దార్సె క్వెంత'. మెల్లగా తెలిసినా అదే. ఇప్పుడు అదే బస్సులో రెండు స్టాపులు దాటాక, టికెట్ ఇచ్చేటప్పుడు కండక్టరు ఎందుకు నవ్వాడో హఠాత్తుగా తట్టింది. అది 'కయేర్ ఎన్ లా క్వెంత'. అప్పటిదాకా ముక్కలుగా ఉన్నది టక్కున అతుక్కుంది. 'కయేర్' అంటే పడడం. మనకి 'బుర్రలో లైటు వెలిగింది' అనిపించే చోట దాన్ని వాడు. ఎక్కడైనా అనుమానం వస్తే 'దార్సె క్వెంత' వాడెయ్, తప్పు కాదు.

నల్గొండ_పోరడు:
'పోర్ మి క్వెంత' గురించి ఎవరన్న చెప్పున్రి. ఒక వీడియోలో 'లొ అప్రెంది పోర్ మి క్వెంత' అన్నడు. నేనేమో పైసలు కట్టి నేర్చుకున్నడేమో అనుకున్న.

వలెన్సియా_వాసి:
సొంతంగా నేర్చుకున్నాడని. ఎవరి సాయమూ లేకుండా. 'కొర్రె పోర్ మి క్వెంత' అంటేనే ఖర్చు నాది అని. 'కొర్రె' వచ్చి చేరగానే డబ్బు సంగతి అయిపోయింది చూశారా, మాధవి గారు చెప్పింది ఇదే. స్పెయిన్‌లో ప్రభుత్వ కాగితాల్లో ఇంకో జంట తగులుతుంది. ఉద్యోగం చేసేవాడు 'పోర్ క్వెంత అహేన', అంటే పరుల లెక్క మీద పని చేసేవాడు. సొంత పని చేసుకునేవాడు 'పోర్ క్వెంత ప్రోపియ'. ఇక్కడికి ఉద్యోగం కోసం వచ్చే తెలుగువాళ్లు పర్మిట్ కాగితాల్లో మొట్టమొదట చూసే 'క్వెంత' ఇదే. హోటల్ బిల్లు తర్వాతి సంగతి.

అన్నిటికంటే నాకిష్టమైంది చెప్తాను. మా పక్కింటామె లిఫ్టులో కలిసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని 'సాల్గొ దె క్వెంతస్ ఎన్ మాయొ' అంది. మాటకు మాట చెప్తే 'మేలో లెక్కల్లోంచి బయటపడతాను' అని. అసలు అర్థం ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

పద్దుల_పంతులు:
ఆడిటింగు మేకి అయిపోతుందని.

బ్యాక్‌బెంచ్_భారతి:
పంతులు గారూ! పొట్ట మీద చెయ్యి వేసుకుందంటున్నారుగా. నెలలు నిండటం.

వలెన్సియా_వాసి:
అదేనండి. కాన్పు తేదీ మేలో అని. తేదీ దాటిపోతే 'ఎస్తా ఫుఎర దె క్వెంతస్' అంటారు. స్పెయిన్ మాట ఇది. మనవాళ్లు నెలలు నింపితే వీళ్లు లెక్క ముగిస్తారు.

తెలుగు_తంబి:
డెలె ఫీజు ఎంత? హైదరాబాద్‌లో రాయొచ్చా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మోడరేటర్:
తంబి గారూ, పరీక్షల విభాగంలో దీనికి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ 'క్వెంత' సంగతే సాగనివ్వండి.

పద్దుల_పంతులు:
మా వృత్తికి సంబంధించింది ఒకటి నేనూ పట్టుకొచ్చాను, మా అమ్మాయి ఇచ్చిన సామెతల పుస్తకంలో దొరికింది. 'లాస్ క్వెంతస్ దెల్ గ్రాన్ కపితాన్'. గొన్సాలొ ఫెర్నాందెస్ దె కోర్దొబ అని ఒక సేనాని, 1453లో పుట్టి 1515లో పోయాడు. ఇటలీలో నేపుల్స్ రాజ్యాన్ని గెలిచి పెట్టాడు. ఆయన బిరుదు 'మహా సేనాని'. యుద్ధానికి ఇచ్చిన సొమ్ముకి లెక్క చెప్పమని ఫెర్డినాండ్ రాజు అడిగాడట. అడిగినందుకు మండిపోయి, పారలకీ గునపాలకీ పదికోట్లు అంటూ మొదలుపెట్టి నోటికొచ్చిన పద్దులన్నీ రాసిచ్చాడట. ఇది కథే, నిజంగా అలా రాశాడని ఎవరూ పూచీ పడరు. కానీ ఇప్పటికీ నమ్మశక్యం కాని ఖర్చుల చిట్టాని స్పెయిన్‌లో ఆ పేరుతోనే పిలుస్తారు. మన భాషలో దీనికి సరిగ్గా సరిపోయే మాట 'కాకిలెక్కలు'. పోరడు బాబూ, ఇక్కడ నీ లెక్క సిద్ధాంతం నెగ్గింది.

ఇంకో మాట కూడా నచ్చింది. 'లాస్ క్వెంతస్ క్లారస్ ఇ ఎల్ చొకొలాతె ఎస్పేసొ'. లెక్క తేటగా ఉండాలి, చాక్లెట్ చిక్కగా ఉండాలి. మా అమ్మాయి అయితే లాటిన్ అమెరికాలో 'క్వెంతస్ క్లారస్ కొన్సేర్వన్ అమిస్తాదెస్' అంటారంది. లెక్క తేటగా ఉంటే స్నేహం నిలుస్తుందని. అప్పిచ్చి చెడినవాళ్లందరూ గోడకి రాసుకోవాల్సింది!

మరి మీలో తెలిసినవాళ్లు చెప్పండి, నాలాంటి అకౌంటెంటుని ఏమనాలి? 'కొంతాబ్లె' అని నేర్చుకుని శాంటియాగోలో అంటే మా అల్లుడు 'కొంతదోర్' అని దిద్దాడు.

మెహికో_మాధవి:
అల్లుడు గారు చెప్పింది అక్కడికి సరైనదే. లాటిన్ అమెరికాలో మీరు 'కొంతదోర్'. స్పెయిన్‌లో 'కొంతాబ్లె'. అక్కడ 'కొంతదోర్' అంటే ఎక్కువగా కరెంటు మీటరు, నీళ్ల మీటరు. మాడ్రిడ్‌లో 'నేను కొంతదోర్‌ని' అంటే గోడకి బిగించాలేమో అనుకుంటారు.

బ్యాక్‌బెంచ్_భారతి:
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనెత్తుతాను. 'క్వెంత'కి ఒక తమ్ముడున్నాడు, 'ఎల్ క్వెంతొ'. కథ అని. చివర 'అ' ఉంటే లెక్క, 'ఒ' ఉంటే కథ. ఎందుకంటే 'కొంతార్' అన్న క్రియకే రెండు అర్థాలున్నాయి, లెక్కపెట్టడం, కథ చెప్పడం. అందుకే 'క్వెంతమె' అంటే 'నాకు చెప్పు'. ఎవరైనా ఉత్తి 'క్వెంత!' అంటే అది నామవాచకమే కాదు, 'చెప్పు చెప్పు' అని తొందరపెట్టడం. 'కె తె క్వెంతస్?' అంటే 'ఏంటి సంగతులు?'. అక్కడ పూసలు వెతకొద్దు.

వినడానికి వింతగా ఉంటుంది గానీ మనకీ ఇలాంటిది ఉంది. 'అత్తగారి మీద ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టింది' అంటాం. ఏకరువు పెట్టడంలో చెప్పడమూ ఉంది, ఒకటొకటిగా లెక్కపెట్టడమూ ఉంది. 'కొంతార్' సరిగ్గా ఆ రెండిటి మధ్య కూర్చుంది.

ఈ రెండర్థాలతో స్పానిష్ రచయిత సెర్వాంటెస్ ఆడుకున్నాడు. 1605లో వచ్చిన ఆయన నవల డాన్ క్విక్సోట్ మొదటి భాగం ఇరవయ్యో అధ్యాయంలో సాంచో అనే సేవకుడు రాత్రిపూట తన యజమాని డాన్ క్విక్సోట్‌కి ఒక కథ చెప్తాడు. ఒక మేకలకాపరి మూడు వందల మేకలతో ఏరు దాటాలి. పడవలో ఒక మనిషి, ఒక మేక తప్ప పట్టవు. జాలరి ఒక మేకని దాటించాడు, తిరిగొచ్చాడు, ఇంకోదాన్ని దాటించాడు, మళ్లీ తిరిగొచ్చాడు... ముందే సాంచో హెచ్చరిస్తాడు, దాటిన మేకల 'క్వెంత' పెట్టుకోండి, ఒక్కటి మరిచినా 'క్వెంతొ' ఆగిపోతుంది, ఇక ఒక్క ముక్క 'కొంతార్' చేయలేను అని. అన్నీ దాటేశాయనుకోవయ్యా అంటాడు డాన్ క్విక్సోట్. ఇప్పటికి ఎన్ని దాటాయని అడుగుతాడు సాంచో. నాకేం తెలుసు అంటాడాయన. అయితే కథ అయిపోయిందంటాడు సాంచో. నిజంగానే చెప్పడు! లెక్క పోతే కథ పోయింది. ఏ అనువాదంలోనైనా మేకలు మిగులుతాయి, ఈ సరసం మాత్రం మిగలడం కష్టం.

నల్గొండ_పోరడు:
ఈ కథ మా తాత చెప్పే కథల లెక్కనే ఉంది. (ఇది మా 'లెక్క', వాళ్ల క్వెంత కాదు.)

కాకినాడ_కాజా:
మీ అందరి పుణ్యమా అని ఒక చిన్న పేరా రాశాను. దిద్దిపెట్టండి.

'అనోచె ఎన్ లా సేన పెర్ది లా క్వెంత దె లాస్ తాపస్. కొమి మాస్ దె లా క్వెంత. పెదీమొస్ లా క్వెంత ఇ మె ది క్వెంత దె కె నొ తెనీయ లా కర్తేర. మి అమీగ దిహొ: కొర్రె పోర్ మి క్వెంత.'

నా ఉద్దేశం: రాత్రి భోజనంలో ఎన్ని తాపస్ (చిన్న చిన్న చిరుతిళ్లు) తిన్నానో లెక్క తప్పింది. మోతాదు మించి తిన్నాను. బిల్లు తెమ్మన్నాం, అప్పుడు పర్సు లేదని చూసుకున్నాను. ఖర్చు నాది అంది మా స్నేహితురాలు.

వలెన్సియా_వాసి:
'దె కె' కూడా పెట్టారు, శభాష్. వ్యాకరణంలో వంక పెట్టడానికేమీ లేదు. ఒక్క సలహా, అదీ స్పెయిన్ బార్లకి సంబంధించింది. నిలబడి తిని వెళ్లిపోయే చోట 'లా క్వెంత' అనక్కర్లేదు, 'మె కోబ్రస్?' అంటే చాలు, 'డబ్బులు తీసుకుంటావా' అని. కూర్చుని తిన్నచోట మాత్రం మీరు అడిగేదాకా బిల్లు తేరు. మర్చిపోయారని కాదు. అడక్కుండా తెస్తే లేచి వెళ్లమన్నట్టు ఉంటుందని. తిన్నాక బల్ల దగ్గర కబుర్లకి ఇక్కడ 'సొబ్రెమేస' అని పేరే ఉంది, అది గంట కూడా సాగుతుంది. చేత్తో గాలిలో రాసినట్టు చూపిస్తే తెస్తారు.

మెహికో_మాధవి:
నాది కూడా ఒకటి. 'కొర్రె పోర్ మి క్వెంత' తప్పు కాదు గానీ కాస్త పెద్దమనిషి తరహాలో ఉంది, కంపెనీ మేనేజరు క్లయింటుతో అన్నట్టు. నీ ఫ్రెండ్ అయితే 'యొ ఇన్వీతొ' అంటుంది. స్పెయిన్‌లో అయితే తిరగేసి 'ఇన్వీతొ యొ'. ఆ వాక్యం ఒక్కటి మార్చెయ్. అప్పుడు నీ పేరాలో ఒక 'క్వెంత' తగ్గుతుంది, ఫర్వాలేదు.